కాంటా ఆబ్జెక్టులో ఏ మెథడ్లున్నాయి: మిర్యాలగూడ మిల్లు ప్రాజెక్టు డైరీ

పని, హద్దులు

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో ధర్మకాంటా ఇండికేటరు నుంచి తూకం తీసుకొని, గ్రాస్ (బండితో సహా మొత్తం బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), నెట్ (ధాన్యం బరువు) మూడింటినీ రైతుకు తెలుగు చీటీ మీద ముద్రించి ఇచ్చే పైతాన్ ప్రోగ్రాము రాయడం ఈ పని. ఇండికేటరుతో పాటు వచ్చిన లైబ్రరీకి మాన్యువల్ లేదు, సోర్సు కోడూ లేదు. కంపైల్ చేసిన, అంటే మనిషి చదవలేని రూపానికి మార్చిన, పీవైసీ ఫైళ్లు మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆ లైబ్రరీ చేతికిచ్చే ఆబ్జెక్టు (ప్రోగ్రాములో దాని పేరు కాంటా) ఏమేం చేయగలదో, అంటే దానిలో ఏ మెథడ్లున్నాయో, ఆ ఆబ్జెక్టునే అడిగి రాబట్టుకోవాలి. ఈ డైరీ ఆ రాబట్టే పద్ధతి గురించే. చీటీ ముద్రణ సంగతి ఇందులో రాదు.

పైతాన్‌లో ఆబ్జెక్టు మెథడ్లు చూడాలంటే డిర్ (పేర్లన్నీ చూపే ఫంక్షను) వాడమని ఏ పాఠంలోనైనా ఒక్క వాక్యంలో చెప్పి ముగిస్తారు. కాగితం మీద ఆ వాక్యం చాలు. అయితే ఇక్కడ ఆబ్జెక్టుకు అవతలి కొసన ఉన్నది తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన యంత్రం. దాని మీద సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నుంచి వచ్చిన ధాన్యం ట్రాక్టరు నిలబడి ఉంటుంది. ఈ యంత్రానికి "టి" అనే అక్షరం పంపితే టేర్ అవుతుంది, అంటే ఆ క్షణాన ప్లాట్‌ఫారం మీద ఎంత బరువుంటే అంతా సున్నాగా మారుతుంది. తెర మీద 7,480 కిలోలున్నప్పుడు ఆ అక్షరం పోతే రైతు ధాన్యం లెక్క అక్కడికక్కడే మాయమవుతుంది. అందుచేత పెట్టుకున్న నియమం ఒకటే: మెథడ్ల జాబితా తీసే సమయంలో వైరులోకి ఒక్క బైటు కూడా పోకూడదు.

వాడిన సామాను:

1. లినక్స్ ల్యాప్‌టాప్, యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-232కు మార్చే కేబుల్, 9600 బాడ్ వేగం.
2. సోక్యాట్ అనే ప్రోగ్రాముతో కల్పించిన జంట పోర్టులు. ఒక కొస లైబ్రరీకి, మరొక కొస వచ్చిన ప్రతి బైటునూ అంకెగా రాసిపెట్టే చిన్న స్క్రిప్టుకు. దీన్ని ఇకపై సాక్షి అంటాను.
3. పైతాన్ 3.8. ఇది ఎంచుకున్నది కాదు, తప్పనిసరి అయినది.

3.11తో లైబ్రరీని దిగుమతి చేయగానే "బ్యాడ్ మ్యాజిక్ నంబర్" అనే ఎర్రర్ వచ్చి పని ఆగిపోయింది. పీవైసీ ఫైలు తల భాగంలో అది ఏ పైతాన్ వెర్షన్ కోసం కంపైల్ అయిందో చెప్పే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య కలవకపోతే పైతాన్ దాన్ని ముట్టుకోదు. ఈ ఫైళ్లు 3.8వి. వేర్వేరు పైతాన్ వెర్షన్లను పెట్టుకోనిచ్చే పైఎన్వ్ ద్వారా 3.8ను విడిగా పెట్టుకున్నాక దిగుమతి జరిగింది. ఈ నిర్బంధం వల్ల తర్వాత ఒక సౌకర్యం చేజారింది. దాని సంగతి 3వ దశలో వస్తుంది.

దశ 1: పేర్ల జాబితా

డిర్(కాంటా) అని అడిగితే 82 పేర్లు వచ్చాయి. అందులో ముందూ వెనుకా జంట అండర్‌స్కోర్లున్నవి, అంటే డండర్ పేర్లు, 29. పైతాన్ 3.8లో ఏ ఖాళీ ఆబ్జెక్టుకైనా పుట్టుకతో 23 పేర్లుంటాయి, 3.11 నుంచి __గెట్‌స్టేట్__ చేరి 24 అయ్యాయి. మామూలు క్లాసు (ఆబ్జెక్టు తయారయ్యే అచ్చు) అయితే __డిక్ట్__, __మాడ్యూల్__, __వీక్‌రెఫ్__ అనే మూడు కలుస్తాయి. మిగిలిన మూడూ ఈ లైబ్రరీ రాసినవారు చేర్చినవి: __ఎంటర్__, __ఎగ్జిట్__, __గెట్‌ఆట్ర్__. చాలామంది డండర్ పేర్లను చెత్తగా భావించి మొదటే వడపోసేస్తారు. వడపోసేముందు ఖాళీ ఆబ్జెక్టు జాబితాతో తీసివేత చేసి, అదనంగా మిగిలినవేమిటో ఒక పక్కన రాసి పెట్టుకోవడం మంచిది. ఆ మూడో పేరు దగ్గరికి 6వ దశలో మళ్లీ రావలసి వచ్చింది.

ఒంటి అండర్‌స్కోరుతో మొదలయ్యేవి 21. వీటిలో కొన్నింటికి ముందు క్లాసు పేరు అతుక్కొని ఉంది: క్లాసు లోపల జంట అండర్‌స్కోరుతో పేరు పెడితే పైతాన్ దానికి క్లాసు పేరు తగిలించి దాచుతుంది గనుక, డిర్‌లో అవి ఆ పొడవైన రూపంలోనే కనిపిస్తాయి.

లెక్క: మొత్తం 82, డండర్ 29, అంతరంగికాలు 21, పైకి కనిపించేవి 32.

డిర్ ఇచ్చేది పేర్లే. ఆ పేరు మెథడా, అంకెనా, ప్రాపర్టీనా అన్నది అది చెప్పదు. పైగా ఈ జాబితా సంపూర్ణమని కూడా హామీ లేదు. అది ప్రధానంగా ఇంటరాక్టివ్ తెర ముందు కూర్చున్నవారి సౌకర్యం కోసం ఉన్నదని పైతాన్ అధికారిక పత్రాలే చెబుతాయి.

దశ 2: ఊరికే చూస్తే వైరులో పోయిన బైట్లు

అందరూ వేసే తర్వాతి అడుగు ఇది: ప్రతి పేరు వెనుక ఉన్నదాన్ని గెట్‌ఆట్ర్ అనే ఫంక్షనుతో తీసి, కాలబుల్ (పిలవదగినది) అవునా కాదా చూడటం. ఆబ్జెక్టులను పరిశీలించే ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌మెంబర్స్ కూడా లోపల ఇదే చేస్తుంది. జంట పోర్టుల మీద దీన్ని నడిపినప్పుడు కొలతలు ఇలా ఉన్నాయి:

1. పట్టిన సమయం 6 సెకన్ల పైచిలుకు. 32 పేర్లు చూడటానికి ఇంత సమయం పట్టిందంటేనే ఏదో జరుగుతోందని అర్థం.
2. సాక్షి రాసిన బైట్లు 6: వరుసగా 83, 13, 10, తర్వాత 84, 13, 10.
3. చివరికి జాబితా రాలేదు. లైబ్రరీ సొంత ఎక్సెప్షన్‌తో ప్రోగ్రాము ఆగిపోయింది.

83 అంటే "ఎస్", 84 అంటే "టి". 13, 10 పంక్తి ముగింపు గుర్తులు. అంటే మెథడ్ల జాబితా అడిగితే లైబ్రరీ టేర్ ఆదేశం పంపింది. నిజమైన కేబుల్ తగిలించి ఉంటే ఇదే కాంటా మీద జరిగేది.

కారణం ప్రాపర్టీలు. 32 పేర్లలో ఐదు ప్రాపర్టీలున్నాయి: నెట్, పోర్ట్, స్టేబుల్, టేర్, వెయిట్. ప్రాపర్టీ బయటికి విలువలా కనిపిస్తుంది, కానీ దాన్ని తాకగానే వెనుక ఒక ఫంక్షను నడుస్తుంది. స్టేబుల్ "ఎస్" పంపి 2 సెకన్లు జవాబు కోసం ఆగింది. టేర్ "టి" పంపి మరో 2 సెకన్లు ఆగింది. వెయిట్ ఏమీ పంపకుండా 2 సెకన్లు ఎదురుచూసి, తూకం రాలేదని ఎక్సెప్షన్ విసిరింది. డిర్ పేర్లను అక్షర క్రమంలో ఇస్తుంది. ఇంగ్లీషు అక్షర క్రమంలో వెయిట్ చివరన ఉన్నందున అప్పటికే మిగిలిన ప్రాపర్టీలన్నీ నడిచిపోయాయి. చదివితేనే ఆదేశం పంపే ప్రాపర్టీ రాయడం నా దృష్టిలో క్షమించరాని రూపకల్పన. విలువను చదవడం ఒక పేరుగా, యంత్రాన్ని కదిలించడం ఒక మెథడుగా విడదీయడం అంత కష్టమైన పనేమీ కాదు.

హ్యాజ్‌ఆట్ర్ వాడితే సురక్షితమనుకోవద్దు. అది కూడా లోపల గెట్‌ఆట్ర్‌నే నడిపి, ఆట్రిబ్యూట్ ఎర్రర్ వచ్చిందా లేదా చూస్తుంది. "టేర్ ఉందా" అని హ్యాజ్‌ఆట్ర్‌ను అడిగితే సాక్షిలో మళ్లీ 84, 13, 10 కనిపించాయి.

పోల్చి చూసుకోవడానికి, జంట పోర్టుల మీదే, ఎర్రర్ వచ్చినా ఆగకుండా ట్రై, ఎక్సెప్ట్ చేర్చి ఈ దారిని చివరిదాకా నడిపిస్తే కాలబుల్ పేర్లు 19 తేలాయి. ఈ అంకెను పక్కన పెట్టుకోండి.

దశ 3: తాకకుండా చూడటం

ఇన్‌స్పెక్ట్‌లో గెట్‌ఆట్ర్_స్టాటిక్ అనే ఫంక్షను పైతాన్ 3.2 నుంచి ఉంది. అది ప్రాపర్టీని నడపకుండా, క్లాసు డిక్షనరీలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెచ్చి చేతిలో పెడుతుంది. దీన్నే అన్ని పేర్లకూ వర్తింపజేసే గెట్‌మెంబర్స్_స్టాటిక్ 3.11లో వచ్చింది, కానీ మనం 3.8లో కట్టుబడి ఉన్నాం. కాబట్టి ఆ లూపును సొంతంగా రాయాలి:

1. డిర్(కాంటా) నుంచి అండర్‌స్కోరు లేని పేర్లు తీసుకోవాలి.
2. ఒక్కొక్క పేరుకూ గెట్‌ఆట్ర్_స్టాటిక్(కాంటా, పేరు) పిలవాలి.
3. వచ్చిన వస్తువు రకాన్ని బట్టి జాబితాలు వేరు చేయాలి.

నడపడానికి పట్టిన సమయం కంటికి ఆనలేదు. సాక్షి రాసిన బైట్లు 0. డిర్ కూడా ఆబ్జెక్టు క్లాసులోని __డిర్__ను పిలుస్తుంది గనుక, లైబ్రరీ దాన్ని తిరగరాసి ఉంటే అక్కడా కోడు నడిచే అవకాశముంది. ఖాళీ ఆబ్జెక్టుకూ __డిర్__ ఉంటుంది కాబట్టి 1వ దశలోని తీసివేతలో ఇది తేలదు; క్లాసులోని __డిర్__, ఖాళీ ఆబ్జెక్టు __డిర్__ ఒకటేనా అని విడిగా చూసుకోవాలి.

చిక్కు వడపోతలో వచ్చింది. పాత అలవాటు ప్రకారం కాలబుల్ పరీక్ష పెడితే 19కి బదులు 17 వచ్చాయి. తగ్గిన రెండింటిలో ఒకటి స్టాటిక్ మెథడు (ఆబ్జెక్టును అందుకోనిది), రెండోది క్లాస్ మెథడు (ఆబ్జెక్టుకు బదులు క్లాసును అందుకునేది). గెట్‌ఆట్ర్ ఇచ్చేది పిలవడానికి సిద్ధంగా ఉన్న ఫంక్షను. స్టాటిక్ దారిలో వచ్చేది దాని మీది పొట్లం. స్టాటిక్ మెథడు పొట్లాన్ని నేరుగా పిలవగలిగే వీలు 3.10లో వచ్చింది, క్లాస్ మెథడు పొట్లానికి ఆ వీలు లేదు. 3.8లో రెండూ కాలబుల్ కావు.

తర్వాత ఈజ్‌ఫంక్షన్ పరీక్ష పెట్టి, కాంటాతో పాటు పైతాన్ సొంత లిస్టు మీద కూడా నడిపాను. తెలిసిన రాయి పెట్టి కాంటాను సరిచూసినట్టుగా, సాధనాన్ని ముందు జవాబు తెలిసిన ఆబ్జెక్టు మీద పరీక్షించాలి. లిస్టుకు పైకి కనిపించే మెథడ్లు 11, డిక్షనరీకి 11, టపుల్‌కు 2, స్ట్రింగుకు 3.8లో 45 (3.9లో రెండు చేరి 47 అయ్యాయి). ఈజ్‌ఫంక్షన్ లిస్టుకు 0 అని చెప్పింది. సీ భాషలో రాసిన మెథడ్లు పైతాన్ దృష్టిలో ఫంక్షన్లు కావు, మెథడ్ డిస్క్రిప్టర్లు; కాబట్టి ఆ పరీక్ష పైతాన్‌లో రాసినవాటినే గుర్తిస్తుంది. ఈజ్‌మెథడ్ అయితే ఇంకా ఇరుకు: అది ఆబ్జెక్టుకు కట్టిన పైతాన్ మెథడ్లకే అవునంటుంది, స్టాటిక్ దారిలో కట్టినవే రావు.

చివరికి నిలిచినది ఈజ్‌రొటీన్. అది పై రకాలన్నిటినీ, పొట్లాలతో సహా, ఒప్పుకుంటుంది, ప్రాపర్టీని ఒప్పుకోదు. దానితో లిస్టుకు 11, డిక్షనరీకి 11, టపుల్‌కు 2, స్ట్రింగుకు 45 సరిగ్గా వచ్చాయి. కాంటాకు 18 వచ్చాయి. ఆ 18లో ఒకటి మెథడు కాదు: ఆబ్జెక్టు సొంత డిక్షనరీలో ఎవరో దాచిన కాల్‌బ్యాక్ ఫంక్షను. ఆ సొంత డిక్షనరీని చూపే వేర్స్(కాంటా)లో ఉన్న పేర్లను తీసేస్తే 17 మిగిలాయి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. కాలబుల్ ఇచ్చిన 17, ఈజ్‌రొటీన్‌తో మిగిలిన 17 ఒకటి కావు. మొదటి దానిలో 15 మామూలు మెథడ్లు, కాల్‌బ్యాక్, క్లాసు లోపల నిర్వచించిన ఒక ఎక్సెప్షన్ క్లాసు ఉన్నాయి. రెండో దానిలో అవే 15 మెథడ్లు, స్టాటిక్ మెథడు, క్లాస్ మెథడు ఉన్నాయి. అంకె కలిసింది కదా అని పేర్లు పోల్చకుండా వదిలేస్తే తప్పు జాబితాతో ముందుకు పోతారు.

ఈజ్‌రొటీన్‌కూ ఒక లొసుగుంది. 3.8లో వచ్చిన క్యాష్డ్_ప్రాపర్టీని (ఒకసారి నడిచి విలువను దాచుకునే ప్రాపర్టీని) కూడా అది మెథడు అనే అంటుంది. ఈ లైబ్రరీలో అది లేదు, అయినా మీ సాధనంలో దానికి విడిగా పరీక్ష పెట్టండి. ఒకసారి మెథడు అనుకొని దాన్ని తాకితే 2వ దశ కథ పునరావృతమవుతుంది.

లెక్క: పైకి కనిపించేవి 32 = మెథడ్లు 15 + స్టాటిక్, క్లాస్ మెథడ్లు 2 + ప్రాపర్టీలు 5 + లోపలి క్లాసు 1 + కాల్‌బ్యాక్‌తో సహా విలువలు 9. పంపిన బైట్లు 0.

దశ 4: ఏది ఎక్కడి నుంచి వచ్చింది

టైప్(కాంటా) తీసుకొని, దాని __ఎంఆర్ఓ__ వరుసలో (పైతాన్ పేరు కోసం క్లాసులను వెతికే వరుసలో) ఏ క్లాసు డిక్షనరీలో పేరు మొదట దొరికితే ఆ క్లాసుదని రాసుకోవాలి. ఇన్‌స్పెక్ట్‌లోని క్లాసిఫై_క్లాస్_ఆట్ర్స్ ఇదే పని సిద్ధంగా చేసి పెడుతుంది. క్లాసు మీద పనిచేస్తుంది గనుక ఆబ్జెక్టును ముట్టదు. 15 మెథడ్లలో 4 కాంటా క్లాసువి, 8 సీరియల్ పోర్టు చదివే మాతృ క్లాసువి, 3 లాగ్ రాసే క్లాసువి. చీటీకి కావలసినవి ఆ మొదటి నాలుగులోనే ఉంటాయని ఊహించడానికి ఇది చాలు.

దశ 5: ఏ మెథడుకు ఏమివ్వాలి

సోర్సు లేదు కాబట్టి సోర్సు కోడు చూపే గెట్‌సోర్స్ ఓఎస్ ఎర్రర్ ఇస్తుంది. డాక్‌స్ట్రింగులు (కోడులోనే రాసే వివరణలు) ఒక్కటీ లేవు. జంట ఓ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే పైతాన్ వాటిని తీసేస్తుంది. అయితే పారామీటర్ల పేర్లు, వాటి డీఫాల్టు విలువలు తీసేయదు, కాబట్టి ఆ పేర్లను, విలువలను చూపే ఇన్‌స్పెక్ట్ సిగ్నేచర్ (3.3 నుంచి ఉంది) పీవైసీ మీద కూడా పనిచేస్తుంది.

15లో 11 మెథడ్లకు పూర్తి సిగ్నేచర్ వచ్చింది. మిగిలిన నాలుగు, సరిగ్గా మనకు కావలసిన ఆ నాలుగే, ఒక నక్షత్రం ఆర్గ్స్, రెండు నక్షత్రాల క్వార్గ్స్ అని, అంటే ఏమిచ్చినా తీసుకుంటామన్నట్టుగా, చూపించాయి. పేరు అడిగితే నాలుగూ "ర్యాపర్" అన్నాయి. వాటి మీద డెకొరేటర్ (అసలు ఫంక్షనును మరో ఫంక్షనులో చుట్టేది) ఉంది, అది రాసినవారు ఫంక్‌టూల్స్‌లోని ర్యాప్స్ వాడలేదు. వాడి ఉంటే __ర్యాప్డ్__ అనే దారం మిగిలేది, సిగ్నేచర్ దాన్ని పట్టుకొని అసలు ఫంక్షను దాకా వెళ్లేది.

దారం లేకపోయినా అసలు ఫంక్షను ఎక్కడికీ పోలేదు; అది ర్యాపర్ క్లోజరులో, అంటే ఆ ఫంక్షను తనతో దాచుకున్న విలువల్లో, ఉంటుంది. తీసిన పద్ధతి:

1. గెట్‌ఆట్ర్_స్టాటిక్‌తో ర్యాపర్‌ను తీసుకోవాలి.
2. దాని __క్లోజర్__లోని ప్రతి సెల్ నుంచి సెల్_కంటెంట్స్ చూడాలి. ఇక్కడ రెండేసి సెల్‌లున్నాయి: ఒకదానిలో థ్రెడ్ లాక్, మరొకదానిలో అసలు ఫంక్షను.
3. ఫంక్షను ఉన్న సెల్‌కు సిగ్నేచర్ అడగాలి.

అలా బయటపడినవాటిలో ముఖ్యమైనది రీడ్_స్టేబుల్(సెల్ఫ్, ట్రైస్=3, టాలరెన్స్=10). ఈ 10 కిలోలా, కాంటా విభాగాలా (తెర మీద తూకం మారే అతి చిన్న మెట్లా) అన్నది సిగ్నేచర్ చెప్పదు. ఈ కాంటా విభాగం కూడా 10 కిలోలే కావడంతో అనుమానం పెరిగింది: విభాగాలైతే 10 అంటే 100 కిలోలన్నమాట, బస్తాల కొద్దీ తేడాను ఇది స్థిరమైన తూకంగా ఒప్పుకుంటుంది. జంట పోర్టుల మీద నకిలీ తూకాలు పంపి చూశాను. 7,480, 7,490 మార్చి మార్చి పంపితే ఒప్పుకుంది. 7,480, 7,500 పంపితే తిరస్కరించింది. కాబట్టి అవి కిలోలే.

లెక్క: సిగ్నేచర్ తెలిసిన మెథడ్లు 11 + 4 = 15. చూసినంతసేపు పంపిన బైట్లు 0.

దశ 6: డిర్ చెప్పనివి

1వ దశలో పక్కన రాసుకున్న __గెట్‌ఆట్ర్__ ఉన్న ఆబ్జెక్టుకు డిర్ జాబితాలో లేని మెథడ్లు కూడా ఉండవచ్చు. మామూలు వెతుకులాటలో పేరు దొరకనప్పుడు పైతాన్ ఈ ఫంక్షన్ని పిలుస్తుంది. అది అప్పటికప్పుడు ఏదైనా కల్పించి ఇవ్వగలదు. పైతాన్‌తో వచ్చే ఎక్స్ఎంఎల్-ఆర్పీసీ సర్వర్ ప్రాక్సీ (వేరే సర్వరులోని ఫంక్షన్లను పిలిచేది) ఇలాంటిదే: ఏ పేరు అడిగినా మెథడు ఉన్నట్టే నటిస్తుంది, అసలు జాబితా కోసం అవతలి సర్వరునే అడగాలి.

ఇక్కడ __గెట్‌ఆట్ర్__ కోడు ఆబ్జెక్టులోని (దాని కంపైల్ అయిన రూపంలోని) కో_నేమ్స్, అంటే అది వాడే పేర్ల జాబితా, చూస్తే అది ఒక అంతరంగిక డిక్షనరీని వెతుకుతోందని తెలిసింది. వేర్స్(కాంటా)లో ఆ డిక్షనరీ తీస్తే 7 పేర్లు, ఒక్కొక్కదానికి పంపవలసిన బైట్లు ఉన్నాయి. సున్నా చేయడం, ముద్రించడం వంటి వాటితో పాటు క్యాలిబ్రేషన్ కూడా అందులో ఉంది. ముద్ర వేసిన కాంటా మీద 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం మనం చేయి వేయకూడని పని అది. ఈ ఏడింటి విషయంలో పేరు తాకితే ఏమీ పోదు, పిలిస్తేనే పోతుంది. ఆ మేరకు ఇవి టేర్ ప్రాపర్టీ కంటే నయం.

దీనివల్లే ఇంకొక చిక్కుముడి విడిపోయింది. జంట పోర్టుల మీద నెట్ ప్రాపర్టీని అడిగితే "నెట్ అనే ఆదేశం లేదు" అనే ఎర్రర్ వచ్చేది, డిర్‌లో మాత్రం నెట్ కనిపిస్తూనే ఉండేది. అసలు సంగతి ఏమిటంటే, ఇంకా ఒక్క తూకమూ రాకముందు ప్రాపర్టీ లోపల ఒక విలువ లేక ఆట్రిబ్యూట్ ఎర్రర్ పుడుతుంది. ఆ ఎర్రర్‌ను చూసి పైతాన్ నెట్ అన్న పేరే లేదనుకొని __గెట్‌ఆట్ర్__ను పిలుస్తుంది. అది తన పట్టికలో వెతికి లేదంటుంది. మొదటి ఎర్రర్ తెరమరుగవుతుంది. ప్రాపర్టీలూ __గెట్‌ఆట్ర్__ కలిసి ఉన్న క్లాసులో "లేదు" అన్న మాటను నమ్మవద్దు.

లెక్క: మెథడ్లు 15 + 2 + దాగినవి 7 = 24.

దశ 7: మిల్లు దగ్గర

నిజమైన కేబుల్ మార్చబోతుంటే కాంటా గుమాస్తా "సార్, బండి కాంటా మీదున్నది, జర ఆగుండ్రి" అన్నాడు. ప్లాట్‌ఫారం ఖాళీ అయి తెర సున్నా చూపాకే తగిలించాము. జాబితా సాధనాన్ని ఇక్కడ మళ్లీ నడిపితే 32 పేర్లు అవే వచ్చాయి, ఇండికేటరు తెర కదలలేదు.

చీటీ ప్రోగ్రాముకు కాంటా ఆబ్జెక్టును నేరుగా ఇవ్వలేదు. కనెక్ట్, రీడ్_స్టేబుల్ అనే రెండింటిని మాత్రమే బయటపెట్టే చిన్న క్లాసును మధ్యలో పెట్టాను. టేర్ యంత్రం చేత చేయించడం మానేసి, ఖాళీ బండిని రెండోసారి తూచి తీసివేత ప్రోగ్రాములోనే చేస్తున్నాం. మొదటి ట్రాక్టరుకు గ్రాస్ 7,480, ఖాళీ బండి 3,310, నెట్ 4,170 కిలోలు వచ్చాయి. గుమాస్తా తన పుస్తకంలో చేత్తో వేసిన లెక్కా అంతే.

మిగిలిన పని: పైతాన్ 3.8కు భద్రతా సవరణలు 2024 అక్టోబరుతో ఆగిపోయాయి కనుక కాంటా కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచాము. "ఎస్" పంపి జవాబు చదవడం సీరియల్ పోర్టు మీద నేరుగా రాస్తే ఈ లైబ్రరీ అవసరమే ఉండదు. జవాబు ఫ్రేములో ఏ బైటు దేనికో సాక్షి స్క్రిప్టుతో ఇప్పుడు నమోదు చేస్తున్నాను.